అమ్మానాన్నలకీ లోపల ఓ కుర్చీ

శ్రోతలకు నమస్కారం.

పిల్లవాడికి రెండేళ్లు నిండాయి, ఇంకా మాటలు రాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో మీకు తెలుసు. "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి, తొందరెందుకు?" చాలామంది విషయంలో ఆ మాట నిజమే అవుతుంది కూడా. చిక్కంతా అక్కడే. ఏ బిడ్డ విషయంలో నిజం కాదో ఇంట్లో కూర్చుని తేల్చలేం.

అందుకే వైద్యులు కొన్ని గుర్తులు పెట్టుకున్నారు. ఏడాది నిండినా "అదిగో" అన్నట్టు వేలు చూపించకపోవడం, టాటా లాంటి సైగలు లేకపోవడం. 16 నెలలకి ఒక్క మాటా రాకపోవడం. 24 నెలలకి రెండు మాటలు సొంతంగా కలపలేకపోవడం. ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనబడినా ఆగకూడదు. ముందుగా చేయించాల్సినవాటిలో వినికిడి పరీక్ష ఒకటి. తలుపు చప్పుడుకి తిరిగి చూస్తున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయనుకుంటాం. తలుపు చప్పుడు అందే చెవికి "స" అనే శబ్దం అందకపోవచ్చు.

సరే, పరీక్షలయ్యాయి. నలుగురితో కలిసే తీరు, మాట తీరు వేరుగా ఉండే ఆటిజమనో, మెదడులోని లోపం వల్ల కదలికలు కష్టమయ్యే సెరిబ్రల్ పాల్సీ అనో, మరొకటనో తేలింది. తర్వాతేంటి? ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతే, బిడ్డకి మాటలూ పనులూ నేర్పే థెరపీలో అమ్మానాన్నల చోటు గురించే.

1943లో లియో కానర్ అనే బాలల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల్ని గమనించి ఆటిజం మీద వ్యాసం ప్రచురించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు వైద్యలోకంలో చెలామణీ అయిన అభిప్రాయం ఏమిటంటే, తల్లి ప్రేమ కరువై బిడ్డ ఇలా అయ్యాడని. బిడ్డకి సాయం కోసం వచ్చిన తల్లిని బోనులో నిలబెట్టారన్నమాట. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొడుక్కీ ఆటిజం ఉండేది. ఇది పెంపకం లోపం కాదు, మెదడుకి సంబంధించిన విషయమని ఆయన 1964లో పుస్తకం రాసి గట్టిగా వాదించారు. 1977లో కవలల మీద జరిగిన పరిశోధన జన్యువుల పాత్రని చూపించింది.

బోను దిగిన అమ్మానాన్నలు చాలాకాలం థెరపీ గది బయట బెంచీ మీదే ఉండిపోయారు. వాళ్లకి లోపల కుర్చీ వేసిన పరిశోధనల్లో ఒకటి 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బ్రిటన్‌లో ఆటిజం ఉన్న 152 మంది చిన్నపిల్లల మీద చేశారు. దాదాపు సగం మందికి మామూలు సేవలు, మిగతావాళ్లకి వాటితోపాటు ఇంకో పద్ధతి. అందులో ముఖ్యమైన పని తల్లిదండ్రులదే. తల్లో తండ్రో బిడ్డతో ఆడుతుంటే వీడియో తీసి, థెరపిస్టు వాళ్ల పక్కన కూర్చుని దాన్ని చూస్తారు. ఇదిగో, బాబు మీ వైపు చూశాడు, అప్పుడే మీరు ఇంకో బొమ్మ అందించారు, ఇలా.

మొదటి ఫలితాలు కాస్త నిరాశపరిచాయి. తల్లిదండ్రులు స్పందించే తీరు బాగా మెరుగైంది గానీ, ఆటిజం లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా వాళ్లు ఫైలు మూసేయలేదు. ఐదారేళ్ల తర్వాత ఆ పిల్లల్లో చాలామందిని మళ్లీ పరీక్షించి 2016లో ప్రకటించారు. ఈ పద్ధతి అందుకున్నవాళ్లలో లక్షణాల తీవ్రత తక్కువగా ఉంది. నయమైపోయిందని ఎవరూ అనలేదు. అలా అనేవాళ్లకి దూరంగా ఉండటం మంచిది.

ఇంట్లో ఈ పని ఎలా ఉంటుందో చెప్తాను. సబ్బు బుడగల సీసా ఉంటుంది కదా. అమ్మ ఒకసారి ఊదుతుంది, బుడగలు పగిలిపోతాయి. వెంటనే మన నోటికొచ్చేది, "ఇంకా కావాలా? కావాలని చెప్పు, చెప్పు నాన్నా!" అది మానాలి. పుల్ల నోటి దగ్గరే పెట్టుకుని, బిడ్డ ముఖంలోకి చూస్తూ, మనసులో పది లెక్కపెట్టాలి. ఆ పది అంకెలు ఎంత పొడుగో చేసి చూస్తేగానీ తెలీదు. ఈలోగా పిల్లవాడు సీసా వైపు చూసి అమ్మ కళ్లలోకి చూడొచ్చు, ఆమె చెయ్యి పట్టి లాగొచ్చు. అదే అడగడం. "ఊదు" అని ఒక్క మాట అని, ఊదేయాలి. థెరపీ గదిలో ఇది వారానికో గంట దొరికితే గొప్ప. ఇంట్లో స్నానం చేయించేటప్పుడు, చొక్కా తొడిగేటప్పుడు, చెప్పులు వేసేటప్పుడు, ఎన్నిసార్లయినా కుదురుతుంది.

ఈ ఆలోచనతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని చూసుకునేవాళ్లకి ఒక శిక్షణ రూపొందించింది. తొమ్మిదిసార్లు బృందంగా కలుస్తారు, మూడుసార్లు ఇంటికొస్తారు. నడిపేవాళ్లు పెద్ద నిపుణులే కానక్కర్లేదు, తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్తలో టీచర్లో చాలు. నిపుణులు దొరకని చోట ఇది పెద్ద ఊరట.

అయితే ఇందులో ఒక ప్రమాదం నాకు కనిపిస్తోంది. "తల్లికి నేర్పేశాం కదా" అని సేవలందించాల్సినవాళ్లు చేతులు దులుపుకోవడం. అలా జరిగితే తల్లి మళ్లీ బోనెక్కినట్టే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకి తుంటి కీలు పక్కకి జరుగుతోందా లేదా అన్నది అప్పుడప్పుడూ ఎక్స్‌రే తీసి చూడాలి. ఏ అమ్మ ఎంత నేర్చుకున్నా అది ఇంట్లో అయ్యే పని కాదు. ఆమె నిద్రపోవడానికి రెండు గంటలు బిడ్డని చూసుకునే మనిషి దొరకడమూ సేవే.

ఈ పిల్లలతో పనిచేసే టీచర్లకీ డాక్టర్లకీ ఇచ్చే శిక్షణ సంగతికొస్తే, పొద్దున సదస్సు, సాయంత్రం సర్టిఫికెట్. దానివల్ల తరగతి గది మారుతుందని నేననుకోను. టీచరు పక్కనే కూర్చుని, అదే పిల్లవాడితో ఒకసారి చేసి చూపించి, మళ్లీ నెలకి వచ్చి చూసేవాళ్లు కావాలి. డాక్టర్లకి నేర్పాల్సింది ఇంకోటుంది. మాటలు రాని పిల్లవాడి ముందే "వీడికేం అర్థం కాదు" అనకూడదని.

మీరు బిడ్డని తీసుకుని మొదటిసారి డాక్టరు దగ్గరికో థెరపిస్టు దగ్గరికో వెళ్తున్నట్లయితే, ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన రెండు నిమిషాల వీడియో ఫోన్లో పెట్టుకెళ్లండి. పిలిస్తే పలికినది ఒకటి, పలకనిది ఒకటి. కొత్త గదిలో బెదిరిపోయిన పిల్లవాడు తనకి వచ్చినవన్నీ చూపించడు. లేచి వచ్చేముందు, "ఈ వారం ఇంట్లో ఏం చేయాలో నా ముందు ఒకసారి చేసి చూపిస్తారా? నేను చేస్తుంటే చూసి దిద్దుతారా?" అని అడగండి. మొహమాటపడకండి. తలుపు మూసి, మిమ్మల్ని బయటే కూర్చోమంటే, కారణం అడగండి. సరైన జవాబు రాకపోతే ఇంకో చోటు వెతుక్కోండి.

సెలవు.