డయల్-అప్ మోడెంను అమర్చడం: తీగ నుంచి టెర్మినల్ దాకా

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు పాత కంప్యూటర్లు, రెండు ఎక్స్‌టర్నల్ మోడెంలు (కంప్యూటరు సమాచారాన్ని ఫోన్ లైనులో సాగే శబ్దంగా, ఆ శబ్దాన్ని తిరిగి సమాచారంగా మార్చే పెట్టెలు), ఆఫీసుల్లో ఇంటర్‌కం కోసం వాడే చిన్న ఈపీఏబీఎక్స్ పెట్టె ఒకటి ఉన్నాయి. ఈ హాల్లో అసలైన ఫోన్ లైను లేదు కాబట్టి ఈ పెట్టెనే మనం టెలిఫోన్ ఎక్స్చేంజి అనుకుందాం. 1990ల చివర్లో హైదరాబాదులో ఇళ్లకూ ఆఫీసులకూ తిరిగి మోడెంలు బిగించడం నా వృత్తి. ఆ పనిలో తెలివితేటల కంటే వరుస ముఖ్యమని నాకు త్వరగానే తెలిసివచ్చింది. కంప్యూటరు మోడెంతో మాట్లాడుతోందా, మోడెం ఎక్స్చేంజితో మాట్లాడుతోందా, ఆవలి మోడెం దీని మాట అందుకుంటోందా, చివరగా ఆవలి కంప్యూటరు మనల్ని లోపలికి రానిస్తోందా అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు తెలియకుండా నాలుగోదాని జోలికి వెళ్లినవాడు రాత్రి తొమ్మిదైనా ఇంటికి చేరడు.

తీగల సంగతి తొందరగా ముగిస్తాను. గోడకున్న రోజెట్, అంటే ఫోను సాకెట్ నుంచి వచ్చే తీగ మోడెం మీద ‘లైన్’ అని రాసివున్న రంధ్రంలోకి, టెలిఫోను ‘ఫోన్’ అని రాసివున్న రంధ్రంలోకి వెళ్లాలి. మోడెం వెనుక 25 పిన్నుల సాకెట్, కంప్యూటరు వెనుక 9 పిన్నుల సీరియల్ పోర్టు ఉంటాయి గనుక ఆ రెండింటినీ కలిపే తిన్నని మోడెం కేబులే కావాలి. రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి అమ్మే నల్ మోడెం కేబుల్లో పంపే తీగ, అందుకునే తీగ అడ్డంగా మారి ఉంటాయి కాబట్టి అది ఇక్కడ పనికిరాదు. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

తీగలు కలిశాక చాలామంది నేరుగా విండోస్ 95లోని డయల్-అప్ నెట్‌వర్కింగ్ తెరిచి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టేసి, కనెక్ట్ బటన్ నొక్కేవారు. ఏ మెట్టు దగ్గర పని చెడిందో ఆ తెర చెప్పదు. నేను మాత్రం ముందు హైపర్‌టెర్మినల్ తెరిచేవాణ్ణి, అంటే మనం కొట్టిన అక్షరాలను నేరుగా మోడెంకు పంపి దాని జవాబును తెర మీద చూపే టెర్మినల్ ప్రోగ్రాం; డాస్ మాత్రమే ఉన్నచోట టెలిక్స్ గానీ ప్రోకామ్ గానీ, లైనక్స్ ఉంటే మినికామ్. మోడెం ఏ పోర్టుకు తగిలించి ఉందో ఆ పోర్టును ఎంచుకుని, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అని పెట్టి, ఏ, టీ అనే రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కేవాణ్ణి. మోడెం ‘ఓకే’ అని జవాబిస్తే కేబులూ పోర్టూ మోడెం కరెంటూ అన్నీ సవ్యంగా ఉన్నట్టే. ఈ రెండక్షరాలు ‘అటెన్షన్’ అనే మాటకు కురచ రూపం. 1981లో హేస్ కంపెనీ సెకనుకు 300 బిట్ల వేగంతో తెచ్చిన స్మార్ట్‌మోడెం ఈ ఆదేశాల భాషను ప్రవేశపెట్టింది. మిగతా తయారీదారుల్లో చాలామంది దాన్నే అనుసరించారు.

‘ఓకే’ రాకపోతే, లేదా వచ్చినా తర్వాత పని చెడితే ఏం చేయాలి? ఒక ఆడిటరుగారి ఆఫీసులో జరిగింది చెబుతాను. అక్కడ మోడెం పలికేది, డయల్ కూడా చేసేది, కానీ కనెక్షన్ కుదిరే సమయానికి సరిగ్గా మౌస్ బాణం తెర మధ్యలో కొయ్యబారిపోయేది. రెండు గంటలు మోడెంనే అనుమానించాను. ఆ కంప్యూటరులో మౌస్ కామ్ 1 అనే సీరియల్ పోర్టు మీద, ఇంటర్నల్ మోడెం కామ్ 3 మీద ఉన్నాయి. కామ్ 1, కామ్ 3 రెండూ ఐఆర్‌క్యూ 4నే వాడుకుంటాయి. అలాగే కామ్ 2, కామ్ 4 ఐఆర్‌క్యూ 3ను పంచుకుంటాయి. అంటే ప్రాసెసరు తలుపు తట్టడానికి రెండు పరికరాలకు ఒకటే గంట. మోడెం కార్డు మీది జంపరును, అంటే అమరికను నిర్ణయించే చిన్న పిన్నుల మూతను మార్చి దాన్ని కామ్ 2కు తెచ్చి, ఆ చిరునామాలో అంతకుముందే ఉన్న రెండో సీరియల్ పోర్టును బయోస్‌లో (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు నడిచే మూల అమరికల ప్రోగ్రాంలో) ఆపేయగానే సమస్య తీరిపోయింది. ఆడిటరుగారు ‘ఇంతేనా?’ అన్న తీరు నాకింకా గుర్తుంది.

ఇక రెండో మెట్టు, ఎక్స్చేంజి. మన ఊళ్లలో చిక్కంతా ఇక్కడే ఉండేది. మోడెం రిసీవరు ఎత్తగానే డయల్ టోన్ కోసం వింటుంది. అమెరికాలో డయల్ టోన్ అంటే 350, 440 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు కలిసిన నాదం. మన దేశంలో 400 హెర్ట్జ్‌ల స్వరం 25 హెర్ట్జ్‌ల కంపనంతో వణుకుతూ వినిపిస్తుంది. అక్కడి టోనుకు అలవాటుపడిన మోడెంలు కొన్ని మన టోనును గుర్తించక, లైను నిక్షేపంలా ఉన్నా ‘నో డయల్‌టోన్’ అని తెర మీద రాసి చేతులెత్తేసేవి. దానికి మందు ఏటీఎక్స్3 అనే ఆదేశం: టోను కోసం చూడకుండా డయల్ చెయ్యమని చెప్పడం. దాన్ని మోడెం ప్రాపర్టీస్‌లోని అదనపు సెట్టింగుల పెట్టెలో రాసిపెడితే ప్రతిసారీ తనంతట తానే అమలవుతుంది. ఎక్స్చేంజి పాతదైతే ఏటీడీటీ బదులు ఏటీడీపీ, అంటే టోన్ బదులు పల్స్ డయలింగ్ వాడాలి. ఈపీఏబీఎక్స్ ఉన్న ఆఫీసులో బయటి లైను కోసం ముందు 0, తర్వాత ఒక కామా, ఆపైన ఇంటర్నెట్ సంస్థకు చెందిన, 172తో మొదలయ్యే నంబరు. ఆ కామా అలంకారానికి కాదు. అది దాదాపు రెండు సెకన్ల విరామం, బయటి లైను దొరికేదాకా మోడెంను ఓపిక పట్టించేది అదే.

మూడో మెట్టులో మోడెంలు ఒకదానితో ఒకటి కలవడానికి చేసే సందడి గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకు చెవే ప్రధానమైన పరికరం. ఆవలి మోడెం ఎత్తగానే 2100 హెర్ట్జ్‌ల సన్నని కూత పెడుతుంది. దారిలో ఉన్న ప్రతిధ్వని నిరోధక పరికరాలను పక్కకు తప్పుకోమనడం ఆ కూతకున్న పనుల్లో ఒకటి. తర్వాత వినిపించే గరగర శబ్దంలో రెండు మోడెంలూ లైను నాణ్యతను కొలుచుకుని, ఎంత వేగాన్ని అది భరించగలదో ఒప్పందానికి వస్తాయి. స్పీకరును ఏటీఎం0 అని కట్టేసుకునే ఇంటివారిని నేను వారించేవాణ్ణి. కూత వినిపించి గరగర మొదలుకాకపోతే ఒక జబ్బు. గరగర రెండుసార్లు తిరగబెడితే మరొక జబ్బు, ముఖ్యంగా వానాకాలంలో స్తంభం దగ్గరి జాయింటులోకి నీరు దిగినప్పుడు. పక్కగదిలో ఎవరైనా ప్యారలల్ ఫోను ఎత్తితే కలిసిన కనెక్షన్ కూడా తెగిపోయేది, తెర మీద ‘నో క్యారియర్’ అని కనిపించేది.

ఇక్కడ వేగాల లెక్క ఒకటి స్పష్టం చేయాలి. మోడెం నుంచి ఎక్స్చేంజి వైపు సాగే వేగం వి.34 ప్రమాణంలో గరిష్ఠంగా సెకనుకు 33,600 బిట్లు. 1998లో వచ్చిన వి.90లో దిగుమతికి 56 కిలోబిట్లన్నది పేరుకే గానీ ఎక్కింపు 33,600 దగ్గరే ఆగింది. కానీ కంప్యూటరుకూ మోడెంకూ మధ్యనున్న పోర్టు వేగాన్ని మాత్రం 1,15,200 మీద పెట్టాలి. వి.42బిస్ కుదింపు వల్ల మామూలు పాఠ్యం లైను వేగం కంటే ఎంతో వేగంగా కంప్యూటరు చేరుతుంది కాబట్టి, పోర్టు కూడా 33,600 దగ్గరే ఉంటే ఆ లాభం అక్కడే చచ్చిపోతుంది. అయితే 1,15,200 వేగంలో దాదాపు 87 మైక్రోసెకన్లకు ఒక అక్షరం వస్తుంది. సీరియల్ పోర్టును నడిపే పాత 16450 చిప్‌లో ఒక్క అక్షరానికే చోటుంది. ప్రాసెసరు ఒక్క క్షణం పరాకుగా ఉంటే వచ్చింది వచ్చినట్టే పోతుంది. 16 అక్షరాల వరుసను దాచుకునే 16550ఏ చిప్ ఉందో లేదో అందుకే ముందు చూడాలి. దానితోపాటు హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌ను, అంటే ‘ఆగు, పంపు’ అని విడి తీగల మీద చెప్పుకునే పద్ధతిని తప్పక ఎంచుకోవాలి. ఎక్స్ఆన్, ఎక్స్ఆఫ్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతి రెండు అక్షరాలను సంకేతాలుగా వాడుకుంటుంది. ఫైలులోనే ఆ అక్షరాలు వస్తే ప్రవాహం అకారణంగా ఆగిపోతుంది.

నాలుగో మెట్టు లాగిన్. మన దేశంలో అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ తెరిచినప్పుడు షెల్ ఖాతా, టీసీపీ/ఐపీ ఖాతా అని రెండు రకాలుండేవి. షెల్ ఖాతాకు టెర్మినల్ ప్రోగ్రామే చాలు: వీటీ100 అనే పాత టెర్మినల్‌ను అనుకరించమని పెట్టుకుంటే లింక్స్ బ్రౌజరులో పేజీలు, పైన్ అనే ఈమెయిల్ ప్రోగ్రాంలో ఉత్తరాలు చదువుకోవచ్చు, బొమ్మలుండవు. ఆ రోజుల్లో తెలుగు రాయాలన్నా రోమన్ అక్షరాలే గతి. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో కవిత్వం మీద వాదోపవాదాలు సాగేవి. టీసీపీ/ఐపీ ఖాతాకు మాత్రం డయల్-అప్ నెట్‌వర్కింగ్, ఫోన్ లైను మీద ఇంటర్నెట్ సమాచారాన్ని మోసే పీపీపీ పద్ధతి కావాలి. అందులో నెట్‌బీయూఐ, ఐపీఎక్స్ అనే వేరే నెట్‌వర్కు పద్ధతుల రెండు గడులను తీసేసి టీసీపీ/ఐపీని మాత్రమే ఉంచితే లాగిన్ తొందరగా అవుతుంది. అవతలి పక్క వింతగా ప్రవర్తిస్తుంటే డయల్ అయ్యాక టెర్మినల్ విండో చూపించమనే గడిని ఎంచుకుని, పేరూ పాస్‌వర్డూ చేత్తో కొట్టి చూడాలి. తప్పు ఎవరిదో అప్పుడు కళ్ల ముందే తేలుతుంది.

ఇంకొక్క మాట, ఫోన్ బిల్లు కట్టేవారి తరఫున. మోడెం అమరిక ఆదేశంలో అండ్‌సీ1 (&C1), అండ్‌డీ2 (&D2) తప్పకుండా ఉండాలి. మొదటిది కనెక్షన్ ఉందో లేదో కంప్యూటరుకు నిజం చెబుతుంది. రెండోది ప్రోగ్రాం మూతపడి, కంప్యూటరు సిద్ధంగా ఉందని మోడెంకు చెప్పే డీటీఆర్ తీగ మీద సంకేతం ఆగిపోగానే లైను పెట్టేయమంటుంది. అది లేని ఇళ్లలో ప్రోగ్రాం మూసేసి పడుకున్నా మోడెం తెల్లవార్లూ లైను పట్టుకుని కూర్చున్న సందర్భాలు నేను చూశాను.

ఇప్పుడు ఎడమవైపు కంప్యూటరులో ఏటీఎస్0=1 అని కొడుతున్నాను, అంటే మొదటి రింగుకే ఎత్తమని. కుడివైపు నుంచి ఈ పెట్టెలో దాని ఎక్స్‌టెన్షన్ నంబరుకు ఏటీఎక్స్3డీటీ 22. హాల్లోని ఫ్యానులు ఒక్క నిమిషం ఆపితే కూత ఎక్కడ ఆగి గరగర ఎక్కడ మొదలవుతుందో వెనుక వరుసల వారికి కూడా వినిపిస్తుంది.