వీధి చివర ఇనుప స్తంభాలు: కాలనీకి రక్షణా, శిక్షా?

(స్టూడియో చర్చ రికార్డింగ్ విని రాసింది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంతే రాశాం. పాల్గొన్నవారు: ఒక కాలనీ సంఘం అధ్యక్షుడు, ట్రాఫిక్ ఇంజనీర్, మాజీ కార్పొరేటర్, పాదచారుల తరఫున ఒక టీచర్.)

యాంకర్: నమస్కారం. ఇళ్ల మధ్య వీధుల్లో వేగం తగ్గించాలని నగరపాలక సంస్థ చేపట్టిన పనులు గొడవకు దారితీశాయి. గంటకు 30 కిలోమీటర్ల పరిమితి పెట్టారు, స్పీడ్ బ్రేకర్లు వేశారు, అందరూ అడ్డదారిగా వాడుకుంటున్న ఒక వీధి చివర ఇనుప స్తంభాలు పాతారు. వారం తిరక్కుండానే రాత్రికి రాత్రి ఎవరో వాటిని పెకలించేశారు. ఈరోజు నలుగురికీ సమాన సమయం ఇస్తాం. ముందు అధ్యక్షుడు గారూ, ఒకటే ప్రశ్న. రేపు ఆ వీధిలో అంబులెన్స్ ఆగిపోతే బాధ్యత ఎవరిది?

అధ్యక్షుడు: నేనూ అదే అడుగుతున్నానండీ! స్తంభాలు పీకింది మేము కాదు, ముందే చెబుతున్నా. పీకినవాళ్ల బాధ మాత్రం నాకు అర్థమైంది. నా ఇంటికి నేను చుట్టూ తిరిగి వెళ్లాలా? ఎవరిని అడిగి పాతారు? ఒక మీటింగ్ లేదు, ఒక కాగితం లేదు. పొద్దున లేచి చూస్తే స్తంభాలు!

టీచర్: నోటీసు అతికించారండీ, మా గేటు పక్కనే...

అధ్యక్షుడు: నోటీసు ఎవరు చదువుతారమ్మా? నన్ను పూర్తి చేయనివ్వండి. ఇప్పుడు స్తంభాలు, రేపు గేటు, ఎల్లుండి టికెట్ పెడతారు!

యాంకర్: ఇంజనీర్ గారూ, అంబులెన్స్ సంగతి చెప్పండి.

ఇంజనీర్: చెబుతాను. ముందు వేగం ఎందుకు తగ్గించాలో ఒక్క లెక్క. 50లో వెళ్తున్న బండి, డ్రైవర్ చూసి బ్రేక్ మీద కాలు వేసే ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లు వెళ్లిపోతుంది. 30లో అయితే 8 మీటర్లే. తగిలితే దెబ్బ తీవ్రతలోనూ చాలా తేడా. 50లో ఉన్న బండి శక్తి 30లో ఉన్నదానికి దాదాపు మూడింతలు. బంతి కోసం రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లవాడికి...

అధ్యక్షుడు: పిల్లవాడు రోడ్డు మీదికి ఎందుకు వచ్చాడు? తల్లిదండ్రులకు బాధ్యత లేదా?

టీచర్: ఫుట్‌పాత్ మీద మీ కార్లు ఉంటే పిల్లవాడు ఎక్కడ నడుస్తాడండీ?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు! అంబులెన్స్...

ఇంజనీర్: దానికే వస్తున్నా. రోడ్డంతా అడ్డంగా కట్టే స్పీడ్ బ్రేకర్ ఒక్కటే మార్గం కాదు. మధ్యలో ఖాళీలు వదిలి దిమ్మెల్లాంటివి వేస్తారు. కారు చక్రం వాటి మీద ఎక్కాల్సి వస్తుంది. అంబులెన్స్, ఫైరింజన్ చక్రాల మధ్య వెడల్పు ఎక్కువ కాబట్టి అవి దిమ్మెలకు అటూ ఇటూగా సాగిపోతాయి. స్తంభాలను కూడా తాళం తీసి పడుకోబెట్టేలా చేయవచ్చు.

యాంకర్: కానీ ఆ సమయానికి తాళం ఎవరి దగ్గర ఉంటుంది? అదే నా ప్రశ్న.

ఇంజనీర్: అత్యవసర సిబ్బంది దగ్గరే ఉంటుంది. దిమ్మెలకైతే తాళమే...

అధ్యక్షుడు: తాళం పోతే?

మాజీ కార్పొరేటర్: నన్నొక మాట చెప్పనివ్వండి. నా హయాంలో మాకు ఎక్కువగా వచ్చిన అర్జీలు స్పీడ్ బ్రేకర్ కావాలనే. మా ఇంటి ముందు వేయండి, పక్క వీధిలో తీసేయండి అనేవారు. అధ్యక్షుడు గారి ఇంటి ముందున్నదీ వారే అర్జీ పెట్టి వేయించుకున్నారు.

అధ్యక్షుడు: అది వేరే విషయం! మాది మలుపు. అక్కడ బళ్లు రేస్‌లో వెళ్లినట్టు వెళ్తాయి.

టీచర్: మేమూ అదే కదా చెబుతున్నాం!

అధ్యక్షుడు: అసలు వేగంగా వెళ్లేది డెలివరీ కుర్రాళ్లు. వాళ్లను పట్టుకోండి. స్కూల్ వ్యాన్లను పట్టుకోండి. మమ్మల్ని కాదు.

(ఇక్కడ ఐదు నిమిషాలకు పైగా డెలివరీ బళ్లు, హారన్లు, వీధి కుక్కల మీద నడిచింది. చర్చకు సంబంధం లేదు కనుక రాయలేదు.)

యాంకర్: మళ్లీ విషయానికి వద్దాం. విదేశాల్లో ఇవన్నీ పనిచేశాయా? అక్కడా జనం ఎదురు తిరిగారుగా?

ఇంజనీర్: తిరిగారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2023 సెప్టెంబర్‌లో ఇళ్ల మధ్య రోడ్లకు గంటకు 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు, సాధారణ పరిమితిగా పెట్టారు. వద్దంటూ నాలుగు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి.

అధ్యక్షుడు: విన్నారా! నాలుగు లక్షలు! అదీ ప్రజాభిప్రాయం అంటే.

ఇంజనీర్: పూర్తిగా వినండి సార్. ఏ రోడ్లను మళ్లీ 30 మైళ్లకు మార్చవచ్చో స్థానిక సంస్థలు తిరిగి చూశాయి. పరిమితి మాత్రం రద్దు కాలేదు. ఇక ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2019లో ఒక్క పాదచారి కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. బోర్డులు పెట్టి ఊరుకోలేదు వాళ్లు. వీధులనే మార్చారు, కెమెరాలు పెట్టారు, నిఘా పెంచారు. వెడల్పాటి తిన్నని రోడ్డు వేసి పక్కన 30 అని బోర్డు పెడితే కాలు ఎవరి మాట వింటుంది? రోడ్డు మాటే వింటుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1960ల చివర్లో...

అధ్యక్షుడు: మనకెందుకండీ డెల్ఫ్ట్!

టీచర్: అక్కడ వీధిని ఇంటి ముంగిలిలా మార్చారు. వాహనాలే మనుషుల నడకకు తగ్గి వెళ్లాలి. 1976లో దానికి చట్టం కూడా...

యాంకర్: మేడం, మీ పాయింట్ అర్థమైంది. కానీ అక్కడ అంబులెన్స్...

టీచర్: ఇంతకుముందే జవాబు చెప్పారు కదండీ!

యాంకర్: ప్రేక్షకుల తరఫున అడుగుతున్నాను. అధ్యక్షుడు గారూ?

అధ్యక్షుడు: థాంక్స్. నేను అడిగేది ఒకటే. పొద్దున ఆఫీసు టైంలో నేను చుట్టూ తిరిగితే ఎంత ఆలస్యం?

ఇంజనీర్: వేగం సంగతైతే, 300 మీటర్ల వీధిని 50కి బదులు 30లో దాటితే పెరిగేది 14 సెకన్లు.

అధ్యక్షుడు: కాగితం మీద! నేను చుట్టూ తిరగడం గురించి అడుగుతుంటే మీరు వేగం గురించి చెబుతున్నారు.

ఇంజనీర్: అది నిజమే. చుట్టూ తిరగడం వేరే లెక్క. ఆ వీధులు ఎంత దూరమో కొలవాలి...

అధ్యక్షుడు: చూశారా, కొలవలేదు! ఒప్పుకున్నారు!

ఇంజనీర్: అదికాదు సార్, ఈ వీధిని నేను...

మాజీ కార్పొరేటర్: ఆ ట్రాఫిక్ పక్క వీధిలోకి వెళ్తుందనే భయం నిజం. మూడు వీధులు కలిపి చూడకుండా ఒక్క వీధిని మూసేస్తే కంప్లైంట్లు పక్కకు జరుగుతాయంతే. ముందు తాత్కాలికంగా ప్లాస్టిక్ స్తంభాలు పెట్టి మూణ్నెల్లు చూడాల్సింది. మూలల దగ్గర పార్కింగ్ తీసేస్తే సగం...

అధ్యక్షుడు: పార్కింగ్ తీస్తారా? మరి కార్లు ఎక్కడ పెట్టుకోవాలి?

టీచర్: అదిగో, అసలు విషయం బయటపడింది!

(అందరూ ఒకేసారి)

యాంకర్: సమయం అయిపోతోంది. టీచర్ గారూ, ముప్పై సెకన్లు.

టీచర్: మా వీధిలో ఒకావిడ కర్ర పట్టుకుని రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడుతుందో మీరు ఒక్కసారి...

యాంకర్: క్షమించండి, విరామం తీసుకోవాలి. అధ్యక్షుడు గారూ, చివరగా ఒక్క వాక్యం.

అధ్యక్షుడు: ఒక్కటే. ప్రజలను అడగాలి. వాహనదారులు కూడా ప్రజలే. పన్ను కట్టేది మేమే. మా వీధి మాది. స్తంభాలు మళ్లీ పాతితే సంఘం ఊరుకోదు. పార్కింగ్ ముట్టుకుంటే అసలే ఊరుకోదు. ఇంకొక మాట...

(సంగీతం మొదలైంది. దాని మీదుగా ఆయన మాట ఇంకా వినిపిస్తోంది.)

అధ్యక్షుడు: ...మా ఇంటి ముందున్న స్పీడ్ బ్రేకర్ రంగు వెలిసిపోయింది, దాన్ని మాత్రం వెంటనే బాగు చేయమని చెప్పండి.