పెడల్ లోపలి బేరింగ్

శ్రోతలకు నమస్కారం. తెల్లవారుజామున అలిపిరి వైపో, చంద్రగిరి కోట దారిలోనో మౌంటెన్ బైకులు తొక్కే కుర్రాళ్లు తిరుపతిలో ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు. చెయిన్‌కు నూనె వేస్తారు, బ్రేకులు చూసుకుంటారు. పెడల్ మాత్రం కిర్రుమనేదాకా ఎవరికీ గుర్తు రాదు. లేచి నిలబడి తొక్కేటప్పుడు మన బరువంతా దాని మీదే కదా!

మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎక్కువ. కపిలతీర్థంలో జలపాతం దూకే ఆ రోజుల్లోనే మట్టి దారులన్నీ బురద. ఆ నీళ్లు పెడల్‌ను మూసే రబ్బరు సీలు అంచులోంచి దిగి గ్రీజును కడిగేస్తాయి, వెంట వచ్చిన ఇసుక లోపలి బేరింగ్‌లోని ఉక్కు గోళీలను అరగదీస్తుంది. అందుకే సైకిల్‌ను ప్రెషర్ వాటర్‌తో కడిగించవద్దని గట్టిగా చెబుతాను.

పెడల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఇరుసు మీద టకటకమంటే లూజు వచ్చింది. తిప్పితే గరగరమంటే లోపల మట్టి ఉంది. గిరగిరా తిరిగితే మంచి పెడల్ అనుకుంటారు చాలామంది. గ్రీజు ఎండిపోయినా అలాగే తిరుగుతుంది. కొత్తగా గ్రీజు పెట్టింది కాస్త బరువుగా తిరిగి ఆగుతుంది.

విప్పడానికి 15 మిల్లీమీటర్ల పానా, కొన్నిటికి 6 లేదా 8 మిల్లీమీటర్ల అలెన్ కీ (ఆరు పలకల కడ్డీ) కావాలి. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ తిరుగుడు మర, అంటే ఎదురు దిశలో తిప్పితే బిగుస్తుంది. తొక్కుతుంటే ఇరుసు తానే ఊడిపోకుండా అలా చేశారు. విమానం ఎగరేసిన రైట్ సోదరులు 1900లో తమ సైకిల్ షాపులో ఇలాంటి పెడళ్లు అమ్మారు. గుర్తు పెట్టుకోవడం తేలికే: పానా పిడి పైకి ఉంచి వెనక చక్రం వైపు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయి.

చివరి మూత తీస్తే చిన్న లాక్ నట్టు కనిపిస్తుంది. మామూలు పెడళ్లలో లోపల విడి గోళీలు, అవి ఆనుకుని తిరిగే కోన్ అనే మర బిళ్ల ఉంటాయి. అన్నీ కిరసనాయిలులో కడిగి చూడండి. ఒక గోళీ గుంటపడినా మొత్తం సెట్టు మార్చండి, కొత్తదీ పాతదీ కలిపితే బరువు సమంగా పడదు. కోన్ మీద గాడి పడితే గోళీలు మార్చినా లాభం లేదు, అదీ మార్చాలి. గ్రీజు నిండుగా పెట్టి, కోన్‌ను ఊగకుండా, పట్టకుండా ఉండేలా బిగించాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. లాక్ నట్టు బిగిస్తే కోన్ కూడా కాస్త కదులుతుంది, మళ్లీ సరిచూడాలి.

ఖరీదైన పెడళ్లలో బయటి వైపు సీల్డ్ బేరింగ్ (గోళీలు రెండు రింగుల మధ్య మూసి ఉన్నది), క్రాంక్ వైపు, అంటే పెడల్ బిగించే చేయి వైపు, బుష్ (గోళీలు లేని చిన్న గొట్టం) ఉండటం మామూలు. బేరింగ్ కొత్తది వేసినా లూజు పోలేదంటే బుష్ అరిగిందేమో చూడండి. పాత బేరింగ్ మీది నంబరు షాపులో చూపించి అదే కొనండి. 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు, మన బురదకు అదే కావాలి. ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగ్ ఆ క్షణంలోనే పాడవుతుంది.

ఇరుసే వంగి ఉంటే ఇదంతా వృథా, పెడళ్లే కొత్తవి కొనాలి. తిరిగి బిగించేటప్పుడు మరకు గ్రీజు రాసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. అల్యూమినియం క్రాంక్‌లో మర అడ్డంగా పడితే క్రాంక్ మొత్తం మార్చాల్సి వస్తుంది. సెలవు.