నొప్పి నిజం, రిపోర్టూ నిజం
(పెన్షనర్ల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వద్దంటున్నా శాలువా కప్పిన కార్యదర్శి గారికి నమస్కారాలు. ఆహ్వాన పత్రంలో ‘ఒత్తిడిని జయించే పది మార్గాలు’ అని వేశారు. ఆ పదీ మీకు రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వస్తూనే ఉన్నాయి. వైద్య కళాశాలలో ఫిజియాలజీ చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి నాకు తెలిసిందే మాట్లాడతాను. డిప్రెషన్‌లో ఉన్న మనిషి ఒంటికి కష్టం కలిగితే మెదడు ఏం చేస్తుంది? ‘ఒంట్లో ఏమీ లేదు, అంతా మనసులోదే’ అనేవాళ్ళకు జవాబుగా, ఇదీ నా విషయం.

మొదటి సంవత్సరం విద్యార్థుల చేత ఒక ప్రయోగం చేయించేవాళ్ళం. ఒక చేతిని మణికట్టు దాకా మంచునీళ్ళలో ముంచాలి, రెండో చేతికి బీపీ పట్టీ కట్టాలి. మొదట అందరూ నవ్వుతారు. కాసేపటికి నవ్వు ఆగిపోతుంది, పళ్ళు బిగుసుకుంటాయి, గొట్టంలో పాదరసం పైకి పోతుంది. చెయ్యి తీసి తుడుచుకున్నాక కొద్ది నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది. పిల్లలు ఎంత పెరిగిందో రాసుకుని లేచిపోయేవాళ్ళు. ఎంతసేపటికి దిగిందో కూడా రాయమని నేను వెంటపడేదాన్ని. కష్టం వచ్చినప్పుడు పెరగడం అందరికీ ఉన్నదే. కష్టం పోయాక దిగుతోందా లేదా అన్నదే అసలు చూడవలసింది.

చలి, నొప్పి, రక్తం పోవడం, ఏదైనా సరే, మెదడులోని హైపోథాలమస్ అనే భాగం, దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. పిట్యూటరీ మూత్రపిండాల మీదున్న ఎడ్రినల్ గ్రంథులకు చెబుతుంది. అవి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును విడుదల చేస్తాయి. ఆ కార్టిసాల్ రక్తంలో మళ్ళీ మెదడుకు చేరినప్పుడు, హిప్పోకాంపస్ లాంటి భాగాలు దాన్ని గుర్తించి ‘ఇక చాలు’ అంటాయి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిలో చాలామందికి ఈ ‘చాలు’ గట్టిగా వినపడదు. 1981లో అమెరికాలో బెర్నార్డ్ కరోల్ బృందం దీని మీద పెద్ద అధ్యయనం ప్రచురించింది. రాత్రి పడుకునే ముందు, కార్టిసాల్ లాగే మెదడుకు ‘చాలు’ అని చెప్పే డెక్సామెథసోన్ అనే మందు 1 మిల్లీగ్రాము ఇస్తే, ఆరోగ్యవంతుల్లో మర్నాడంతా కార్టిసాల్ అణిగి ఉంటుంది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారిలో చాలామందికి అణగలేదు. అందరికీ అలా జరగదు, వేరే జబ్బుల్లోనూ జరుగుతుంది; అందుకే అది రోగ నిర్ధారణ పరీక్షగా నిలవలేదు.

ఇంకొక మాట. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే ఎలుకలను చలిలో పెట్టి, అలసిపోయేదాకా కదిలించి, గాయపరచి చూశాడు. ఏ కష్టం పెట్టినా వాటి ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత, 1995లో, డిప్రెషన్ రోగులకు ఎమ్మారై తీసి చూస్తే వాళ్ళ ఎడ్రినల్ గ్రంథులూ పెద్దవై ఉన్నాయి. జబ్బు నయమయ్యాక మామూలు పరిమాణానికి వచ్చాయి. చలిలో పెట్టిన ఎలుకకు జరిగిందే మనిషికీ జరిగింది. ఇంకా ‘ఒంట్లో ఏమీ లేదు’ అంటారా?

కోపంగా మాట్లాడుతున్నానని మీకు అనిపిస్తుంది. నిజమే, కోపమే. మా పెద్దక్కయ్య సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నడుము నొప్పి, మెడ నొప్పి, నాలుగు గంటలకే మెలకువ, ముద్ద దిగదు. ఎక్సరేలూ స్కానులూ అన్నీ ఒక బట్టల కొట్టు సంచిలో పెట్టుకుని తిరిగింది. ఒక పెద్ద ఆసుపత్రిలో ఒకాయన ఆ ఫిల్ములను ట్యూబులైటు వైపు ఎత్తి చూసి, ‘మీకు ఏ జబ్బూ లేదమ్మా, అంతా మీ భ్రమ, సంతోషంగా ఇంటికి వెళ్ళండి’ అన్నాడు. మా బావగారు మొదట సంతోషించారు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ రిపోర్టులు చదివి వినిపించడం మొదలుపెట్టారు. ‘అన్నీ నార్మలే, ఈవిడే లేవదు.’ అక్కయ్య గోడ వైపు తిరిగి పడుకుని అదంతా వినేది. నొప్పి చాలదన్నట్టు అబద్ధాలకోరు అన్న ముద్ర కూడా పడింది. ఆ రిపోర్టు తప్పని నేను అనడం లేదు. ఎముక బాగుందని చెప్పింది, ఎముక బాగానే ఉంది. నొప్పి మెదడులో ఎలా తయారవుతోందో చెప్పే పని ఎక్సరేది కాదు.

ఆ పనికి ఎఫ్ఎమ్మారై, అంటే మెదడులో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తోందో చూపించే స్కాను, కొంత సాయపడింది. 2008లో కాలిఫోర్నియాలో ఇరీనా స్ట్రిగో బృందం, మందులు వాడని డిప్రెషన్ రోగుల చేతికి వేడి తగిలించి మెదడును చూసింది. ముందు ఒక గుర్తు చూపిస్తారు, వేడి రాబోతోందని. వేడి ఇంకా తగలనే లేదు. అప్పటికే వాళ్ళ మెదడులో భయాన్నీ ఒంటి బాధనూ పసిగట్టే అమిగ్డాలా, ఇన్సులా అనే భాగాలు డిప్రెషన్ లేనివాళ్ళ కంటే ఎక్కువగా స్పందించాయి. వేడి తగిలాక, నొప్పిని అదుపు చేసే భాగాలు మాత్రం వెనకబడ్డాయి. చిన్న అధ్యయనమే. కానీ ‘పొద్దున లేవాలంటేనే భయం’ అని అక్కయ్య అన్నప్పుడు నాకు గుర్తొచ్చేది ఇదే.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది, మా విద్యార్థులకు చెబితే నమ్మేవాళ్ళు కాదు. జర్మనీలోని యేనాలో చేసిన పరిశీలనలో, డిప్రెషన్ ఉన్నవారు చర్మం మీది వేడినీ కరెంటు షాకునీ మామూలువాళ్ళ కంటే ఎక్కువే ఓర్చుకున్నారు. అదే చేతికి పట్టీ బిగించి కండరానికి రక్తం ఆపితే, ఆ లోపలి నొప్పిని తక్కువ ఓర్చుకున్నారు. కాబట్టి ‘సూది గుచ్చితే ఊరుకుంది, నడుము నొప్పికి ఏడుస్తుందా?’ అని దెప్పకండి. రెండూ నిజం కావచ్చు.

అయ్యా, అమ్మా, మీ ఇళ్ళల్లో ఇలాంటి సంచి ఎన్ని ఇళ్ళల్లో ఉంది? చేతులెత్తవద్దు, ఇంటికెళ్ళి చూసుకోండి. 1999లో 14 దేశాల లెక్కలు ప్రచురించారు, వాటిలో మన బెంగుళూరు కేంద్రం కూడా ఉంది. డిప్రెషన్‌తో వైద్యుడి దగ్గరకు వచ్చినవారిలో 69 శాతం మంది ఒంటి బాధలే చెప్పారు, దిగులు మాట ఎత్తలేదు. మన అక్కచెల్లెళ్ళు కూడా ‘నీరసం, తలపోటు, ఒళ్ళు పీకుతోంది’ అనే చెబుతారు. అడగవలసింది వైద్యుడే: నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఇదివరకు ఇష్టమైనవి ఇప్పుడూ ఇష్టంగా ఉన్నాయా అని. ఆ మూడు ప్రశ్నలకు స్కానింగ్ ఖర్చు కూడా లేదు.

అక్కయ్యను అలా అడిగింది ఒక చిన్న ఊరి డాక్టరు. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు మెడ తిరిగింది, మనసు తేలికపడటానికి ఇంకా సమయం పట్టింది. అందరికీ ఇదే వరసలో జరుగుతుందని చెప్పను. ఎముకల నొప్పిని ఎముకల నొప్పిగానే చూపించుకోవాలి కూడా, ప్రతి నడుము నొప్పీ డిప్రెషన్ కాదు.

అధ్యక్షులవారు చీటీ పంపించారు, పది మార్గాలు ఎక్కడ అని. ఒక్కటి చెప్పి దిగుతాను. 14416, టెలి మానస్, మనసు బాధలకు ఫోనులో సాయం చేసే నంబరు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడే ఫోనులో రాసుకోండి, మిగతా ప్రశ్నలు టీ దగ్గర అడగండి.