“మా వంశంలో ఎవరికీ లేదు, మరి బిడ్డకెలా వచ్చింది?”: తలసీమియా, మేనరికం లెక్క

[తెర మీద: వంశవృక్షం. పైన తాత, అమ్మమ్మ. కింద కొడుకు, కూతురు.]

వ్యాఖ్యానం: బెంగళూరులో తలసీమియా బిడ్డను ఒళ్లో పెట్టుకుని జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వచ్చే తెలుగు దంపతులు తరచూ అడిగే ప్రశ్న ఇది. తలసీమియా అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు. వాళ్లు చెప్పేది నిజమే, జబ్బు ఎవరికీ లేదు. చెడిన జన్యువు మాత్రం ఉంది.

దాదాపు ప్రతి జన్యువూ మనలో రెండు కాపీలుగా ఉంటుంది. ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. అందులో ఒక కాపీ చెడినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటివాళ్లని క్యారియర్లు అంటారు. రిపోర్టులో ‘తలసీమియా మైనర్’ అని ఉంటుంది. మనిషి మామూలుగానే ఉంటారు. రెండు కాపీలూ చెడితే అది మేజర్.

మేజర్ ఉన్న బిడ్డ కూడా పుట్టినప్పుడు బాగానే ఉంటుంది, ఎందుకంటే గర్భంలో తయారైన వేరే రకం హిమోగ్లోబిన్ అప్పటికింకా ఒంట్లో ఉంటుంది. అది తగ్గిపోయాక, సాధారణంగా ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య, బిడ్డ పాలిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కాబట్టి దాన్ని బయటికి పంపే మందులూ వాడాలి.

[తెర మీద: బల్ల మీద రెండు రూపాయి నాణేలు. చేతులు మాత్రమే కనబడాలి.]

తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లు అనుకుందాం. ఒక నాణెం నాన్నది, ఒకటి అమ్మది. బొమ్మ మంచి కాపీ, బొరుసు చెడిన కాపీ. రెండూ కలిపి ఎగరేయండి. రెండూ బొమ్మ పడితే బిడ్డకి ఏమీ లేదు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు అయితే క్యారియర్. ఇది రెండు విధాలుగా పడుతుంది. రెండూ బొరుసైతే మేజర్. అంటే నాలుగింట ఒక వంతు.

[నాణేలు మళ్లీ ఎగరేయాలి.]

ఇక్కడే చాలామంది పొరబడతారు. “మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు” అనుకుంటారు. కిందటిసారి ఏం పడిందో నాణేనికి తెలియదు. ప్రతి గర్భానికీ అదే నాలుగింట ఒక వంతు.

[తెర మీద: వంశవృక్షంలో తాత నుంచి రెండు ఎర్ర గీతలు కిందికి దిగాలి.]

ఇప్పుడు మేనరికం. తాతకి ఒక చెడిన కాపీ ఉందనుకోండి. అది కొడుక్కి రావడానికి సగం అవకాశం, కూతురికీ సగమే. వాళ్ల పిల్లల్లో, అంటే బావామరదళ్లలో, ఒక్కొక్కరికీ పావు. ఇద్దరికీ ఉండే అవకాశం 16లో 1, వాళ్ల బిడ్డకి మేజర్ రావడానికి 64లో 1. మేనమామ అక్క కూతురిని చేసుకుంటే ఒక తరం తగ్గుతుంది, అవకాశం రెట్టింపై 32లో 1 అవుతుంది. అదే బావ, నూటికి ఒకరు క్యారియర్‌గా ఉన్న బయటి కుటుంబంలో పిల్లని చేసుకుంటే 1,600లో 1. అలాగని బయటి సంబంధమైతే పరీక్ష అక్కర్లేదనుకోకండి. ఇద్దరు క్యారియర్లు కలిస్తే చుట్టరికం లేకపోయినా అదే పావు వంతు.

[తెర మీద: సీబీసీ రిపోర్టు దగ్గరగా. ఎంసీవీ, ఎంసీహెచ్ వరసల చుట్టూ గీత.]

క్యారియరో కాదో తెలియాలంటే ముందు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష. అది మామూలు ల్యాబ్‌లోనే చేస్తారు. ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 80 కన్నా, ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలో ఉండే హిమోగ్లోబిన్) 27 కన్నా తక్కువుంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించండి. అందులో హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అని అర్థం.

ఐరన్ బాగా తక్కువుంటే ఏ2 కూడా తగ్గి, క్యారియర్ రిపోర్టు నార్మల్‌లా కనబడవచ్చు. అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చూడాలి. లోపముంటే సరిచేసి మళ్లీ పరీక్ష చేయాలి. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా ఫలితాన్ని నమ్మలేం. ఇంకో పొరపాటు: ఎంసీవీ తక్కువుందని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగడం. క్యారియర్‌కి ఐరన్ లోపం లేకపోతే వాటితో ఎంసీవీ పెరగదు.

పెళ్లి కుదిరే ముందే చేయించడం మంచిదని మా గట్టి నమ్మకం. ముందు ఒకరికి చాలు. వాళ్లు క్యారియర్ అయితేనే రెండోవారికి. గర్భం వచ్చాక తెలుసుకుంటుంటే మాత్రం ఒకరి తర్వాత ఒకరికి చేసే వ్యవధి లేదు, ఇద్దరికీ ఒకేరోజు చేయించండి. ఇద్దరూ క్యారియర్లని తేలితే డీఎన్ఏ పరీక్షతో ఎవరి లోపం ఏదో గుర్తించాలి. అది తెలిస్తేనే 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ సంగతి చూడగలరు. డీఎన్ఏ ఫలితానికి సమయం పడుతుంది. కాబట్టి నెల తప్పిందని తెలిసిన వారమే రిపోర్టులన్నీ తీసుకుని జెనెటిక్ క్లినిక్‌కి వెళ్లండి.