హెరీజ్ తివాచీ రివ్యూ: ముడుల లెక్క పక్కన పెట్టి వెనక్కి తిప్పండి

అందరికీ నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ తివాచీ ఒక షాపువాళ్లు రివ్యూకి పంపారు, షూట్ అయ్యాక వెనక్కి వెళ్లిపోతుంది. సైజూ ధరా కింద డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి, అవి మళ్లీ చదవను.

ఇది హెరీజ్. ఇరాన్ వాయవ్యాన, తబ్రీజ్‌కి తూర్పువైపు ఊళ్ల నేత. పడుగూ పేకా (నిలువు, అడ్డ దారాలు) నూలు, పైన ఉన్ని.

సరే, ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే ప్రశ్న: "అంగుళానికి ఎన్ని ముడులు?" ఇరాన్‌లోనే ఖూమ్ ఊళ్లో నేసే పట్టు తివాచీకి అడగండి, అర్థముంది. అక్కడ డిజైన్‌లో సన్నటి పూలతీగ గుండ్రంగా తిరగాలంటే ముడి చిన్నదిగా ఉండాల్సిందే. హెరీజ్‌లో వంపులెక్కడివి? నడుమ పెద్ద పతకం, చుట్టూ కోణాలు తేలిన ఆకులు, అన్నీ గీతలే. చదరపు అంగుళానికి 50 ముడులున్నా డిజైన్ శుభ్రంగా వస్తుంది. పైగా ఆ లెక్కలోనే మోసం జరుగుతుంది. ఇక్కడ ఒక్కో ముడి రెండు పడుగు దారాల్ని చుట్టుకుంటుంది, కాబట్టి వెనక పక్కపక్కనే ఒకే రంగులో రెండు బుడిపెలు కనిపిస్తాయి. రెండూ కలిపి ఒక్క ముడి! విడివిడిగా లెక్కపెట్టి 50ని 100 చేసి అమ్మేవాళ్లున్నారు.

అందుకే వెనక్కి తిప్పండి. డిజైన్ ముందున్నంత స్పష్టంగా వెనకా ఉండాలి. గుడ్డ అతికించి ఉంటే అది టఫ్టెడ్ సరుకు, అంటే గుడ్డలోకి దారం గుచ్చి వెనక జిగురు పూసింది, చేత్తో ముడేసింది కాదు. కుచ్చులు చూడండి, అవి పడుగు దారాల కొసలే. విడిగా కుట్టి ఉంటే ఎందుకు కుట్టారో అడగాల్సిందే.

తర్వాత రంగు. తెల్ల నూలుగుడ్డ తడిపి ఎరుపు మీద ఒక నిమిషం అదిమి పట్టండి, ఆ తర్వాత నీలం మీద. గుడ్డకి రంగు అంటితే వదిలేయండి, మొదటి ఉతుకులోనే ఎరుపు వెళ్లి తెలుపు మీద పడుతుంది. ఉన్ని పోగుల్ని వేళ్లతో విడదీసి మొదలు కూడా చూడండి. కొస వెలిసి మొదలు ముదురుగా ఉంటే ఎండ దెబ్బ. కొస ముదురుగా, మొదలు పాలిపోయి ఉంటే పైపైన రంగు పూశారేమో అనుమానించండి. ఈ పీస్‌లో ఎరుపు అక్కడక్కడ అడ్డచారలుగా మారింది చూశారా? అది లోపం కాదు, ఒక విడత రంగేసిన దారం అయిపోయి ఇంకో విడత మొదలైన చోటు. నాకైతే ఇదే నచ్చింది.

వాడకం సంగతి: వ్యాక్యూమ్‌లో తిరిగే బ్రష్ ఆపేయండి, కుచ్చుల జోలికి అస్సలు పోనివ్వద్దు. టీ ఒలికితే రుద్దకుండా అద్దండి, తర్వాత చల్లటి నీళ్లు. పూర్తిగా ఆరకపోతే లోపలి నూలు కుళ్లుతుంది. సోఫా కింద భాగం నెలకోసారి ఎత్తి చూడండి, చిమ్మటలు చీకట్లోనే తింటాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. ఇరాన్ తివాచీల దిగుమతి అక్కడ 2018 ఆగస్టు నుంచి మళ్లీ ఆగిపోయింది. "హెరీజ్ డిజైన్" అంటే ఇండియాలో నేసింది కూడా కావచ్చు. అది తప్పు కాదు గానీ ఇరాన్ ధర కట్టకండి, ఎక్కడ నేశారో బిల్లు మీద రాయించుకోండి.

నా తీర్పు? పిల్లలు పరిగెత్తే హాల్లోకి కళ్లు మూసుకుని తీసుకోండి. మెత్తగా, పల్చగా కావాలనుకుంటే మాత్రం ఇది మీది కాదు.