గట్టు మీద తిరిగే బండి: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

వ్యాఖ్యాత: లైన్లో ఉన్నారండీ, చెప్పండి. ఏ ఊరి నుంచి?

కాలర్: ఆయ్, రాజోలు దగ్గర లంక నుంచండి. కొబ్బరి, రొయ్యల చెరువు చూసుకుంటాను. 2006లో కొన్న స్ప్లెండర్ ఉందండి. అది అమ్మేసి కొత్తది కొందామని మా అబ్బాయి ఒకటే గొడవ. బ్లూటూతంట, ఫోనొస్తే మీటర్లోనే కనపడుతుందంట. నాకేమో మనసొప్పట్లేదు.

మెకానిక్: మనసు సంగతి తర్వాత బాబాయి గారూ. బండి ఏ దారిలో తిరుగుతుందో ముందు చెప్పండి.

కాలర్: ఏటిగట్టు మీదేనండి. పొద్దున్నే మేత బస్తా వేసుకుని చెరువు దగ్గరికి. పనుంటే సఖినేటిపల్లిలో పంటు పడవెక్కించి నరసాపురం. మొన్న వరదకైతే సీటు దాకా మునిగిపోయింది.

మెకానిక్: మునిగాక స్టార్ట్ చేశారా?

కాలర్: లేదండి. తోసుకెళ్లి మా ఊరి కుర్రాడికిచ్చాను. సాయంత్రానికల్లా నడిపించేశాడు.

మెకానిక్: మంచి పని చేశారు. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు స్పార్క్ ప్లగ్ విప్పాలి, అప్పుడు కిక్ కొడితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఇంజనుకి పెట్రోలు, గాలి కలిపి పంపే కార్బ్యురేటర్ ఉంది కదా, దాని గిన్నెకి అడుగున ఓ స్క్రూ ఉంటుంది, అది వదులు చేస్తే లోపలున్నదంతా కారిపోతుంది. ఇంజనాయిల్ పాల టీ రంగులో దిగిందంటే నీళ్లు కలిసినట్టే. ఆ రంగు పోయేదాకా కొత్తది పోసి, కాసేపు తిప్పి, మళ్లీ దించాలి. ఒక్కసారితో అవదు. చాలామంది అక్కడే కక్కుర్తి పడి ఇంజను పాడుచేసుకుంటారు.

వ్యాఖ్యాత: అదే కొత్త బండయితే?

మెకానిక్: 2020 ఏప్రిల్లో బీఎస్-6 అని కొత్త పొగ నిబంధనలు వచ్చాక చాలా బండ్లకి కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసిందండి. పొగ తగ్గింది, పొద్దున్నే ఠక్కున స్టార్టవుతుంది, కాదనను. కానీ పంపు ట్యాంకులో ఉంటుంది, ఎంత పెట్రోలు పొయ్యాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ లెక్కేస్తుంది, దానికి కబురు చెప్పడానికి సెన్సర్లు. మన ఉప్పుగాలికి ఆ కనెక్టర్ల పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది. మీటర్లో లైటు వెలుగుతుంది, ఎందుకో తెలియాలంటే స్కానర్ పెట్టాలి. లంకలో స్కానర్ ఎక్కడ దొరుకుతుంది? బ్యాటరీ పూర్తిగా పోతే చాలా బండ్లు కిక్ కొట్టినా లేవవు. మీ దానికి బ్యాటరీ చచ్చినా స్పార్క్ వస్తుంది.

కాలర్: అయితే ఉంచెయ్యమంటారా?

మెకానిక్: మీకైతే ఉంచండి. అబ్బాయి ఎక్కడ తిరుగుతాడు?

కాలర్: అమలాపురంలో ఉద్యోగమండి. రాత్రిళ్లు 216 హైవే మీదే వస్తాడు.

మెకానిక్: అతన్ని మాత్రం ఈ పాత బండి మీద పంపకండి. ఆ హెడ్‌లైట్‌కి రోడ్డు మీదున్న గేదె కనపడేసరికే దాని మీదకి వెళ్లిపోతాం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లకి కాంబీ బ్రేకన్నా, చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ అన్నా ఉండాల్సిందే. కాంబీ అయితే ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలూ పట్టుకుంటాయి. బ్లూటూత్ కోసం కాదు, బ్రేకు కోసం కొనివ్వండి.

కాలర్: రెండు బండ్లా!

మెకానిక్: పాతది అమ్మితే మీకొచ్చేదెంత చెప్పండి? దాన్నే బాగుచేసుకోండి. బ్రేక్ షూలు మార్చండి. పెట్రోల్ పైపు కూడా. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, పాత రబ్బరుకి అది పడదు, పైగా తేమని లాక్కుంటుంది. బండి వారం పది రోజులు కదలదనుకుంటే ట్యాంకు కింది పెట్రోల్ కాక్ కట్టేసి కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ చెయ్యండి. ఆర్‌సీ రిన్యూవల్ చేయించారా?

కాలర్: 2021లో చేయించానండి. మళ్లీ గడువొచ్చింది.

మెకానిక్: 20 ఏళ్లు దాటిన బైకుకి ఫీజు 2,000 చేశారు, 2025 ఆగస్టులో. అది కట్టేసి ఫిట్‌నెస్ చేయించుకోండి.

వ్యాఖ్యాత: పాలకొల్లు నుంచి ఇంకొకరు. త్వరగా చెప్పండి, టైమైపోతోంది.

కాలర్: అన్నా, పాత టూ-స్ట్రోక్ స్కూటర్ ఒకటి బేరానికొచ్చింది. చూడ్డానికి సూపరుంది. తీసుకోమంటావా?

మెకానిక్: రోజూ తిరగడానికైతే వద్దు తమ్ముడూ. స్ప్లెండర్ సామాను సందు చివర షాపులో కూడా దొరుకుతుంది. దీనికి కేబుల్ తెగినా వెతుక్కోవాలి. సరదాకైతే నీ ఇష్టం. ఆర్‌సీ ఎవరి పేరు మీదుంది?

కాలర్: మొదటి ఓనరు పేరే ఉందన్నా. ఆ తర్వాత మూడు చేతులు మారిందంట.

మెకానిక్: అయితే అడ్వాన్స్ ఇవ్వకు. ముందు ఆ మొదటాయన ఎక్కడున్నాడో కనుక్కో.